చుక్కకు తెలియని పేరు

ముప్ఫై నాలుగేళ్లు పశువుల డాక్టరుగా పనిచేశాను. గేదెలకి పురుళ్లు పోశాను, ఎడ్ల గిట్టలు బాగుచేశాను, వేయనని తిడుతూనే పందెం కోళ్లకి కుట్లు వేశాను. నా చేతి మీదుగా పోయిన పశువుల్లో ఒక్కటీ జిల్లా దాటి ఎరగదు. అలాంటి నేను అరవై ఏడో ఏట ఒక ఊరకుక్కని విదేశానికి ఓడెక్కించే కాయితాలతో కుస్తీ పట్టాను. నాకు పాస్‌పోర్టు లేదు. ఆ కుక్క కాయితాల మీద మాత్రం నా సంతకాలు నాలుగున్నాయి. వచ్చే బుధవారం అది కారులో చెన్నై వెళ్తోంది, అక్కణ్ణుంచి ఓడలో శ్రీలంక వెళ్తోంది. ఇంతకీ ఇది కుక్క కథ కాదు, దాని యజమానురాలిది.

కుక్క పేరు చుక్క. గోధుమరంగు ఒళ్లు, నుదుటి మీద తెల్లటి మచ్చ. ఒక చెవి నిలబడి ఉంటుంది, రెండోది వాలిపోయి ఉంటుంది. మా ఎదురింటి ప్రిస్కిల్లా టీచరుగారిది. పాలకొల్లులో కాలవ పక్క వీధి మాది. నేను రిటైరై ఇక్కడ ఇల్లు కొనుక్కుని ఏడేళ్లయింది. ఆవిడ అంతకు ముందు నుంచే ఉన్నారు, ఒక్కరే. పెళ్లి చేసుకోలేదు. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి మూడేళ్ల కిందట రిటైరయ్యారు. ఆవిడకి చెవులు వినపడవు. పుట్టుకతో వచ్చింది కాదు. నలభై దాటాక కొంచెం కొంచెంగా పోతూ, యాభై మూడో ఏటికల్లా పూర్తిగా పోయింది. మాట మాత్రం చక్కగా ఉంటుంది. ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడితే మన పెదాలు చూసి తెలుసుకుంటారు. మీసాలు దట్టంగా ఉన్నవాళ్లతో కష్టమని ఒకసారి అన్నారు. ఆ మర్నాడే నేను మీసం తీసేశాను. ఎందుకు తీశానో ఆవిడకి చెప్పలేదు.

ఆవిడ చెవులు చెయ్యాల్సిన పని చుక్క చేస్తుంది. తలుపు చప్పుడైతే వచ్చి కుడి పంజా ఆవిడ మోకాలి మీద పెట్టి, తలుపు దగ్గరకి తీసుకెళ్తుంది. కుక్కర్ కూత వేస్తే వంటింట్లోకి తీసుకెళ్తుంది. గేటు దగ్గర ఎవరైనా ‘టీచరుగారండీ’ అంటే గేటు దాకా నడిపిస్తుంది. ఏ శిక్షణ కేంద్రమూ దానికి ఇవి నేర్పలేదు. ఎక్కాలు రాని పిల్లలకి ఎక్కాలు నేర్పిన ఓపికతోనే, ఉడకబెట్టిన గుడ్డు ముక్కలు పెడుతూ, రోజుకి అరగంట చొప్పున ఏడాది పాటు ఆవిడే నేర్పారు. టీవీలో మాటకీ ఫోన్లో మాటకీ మాత్రం కదలకూడదని విడిగా నేర్పారు. పక్కింట్లో సీరియల్ పెట్టినప్పుడల్లా అది లేచి పరిగెడుతుంటే ప్రాణం విసిగిపోయిందట.

ఓడ సంగతి రూబీగారు తెచ్చారు. రూబీగారూ టీచరుగారూ రాజమండ్రిలో టీచర్ ట్రైనింగు చేసిన రోజుల్లో ఒకే హాస్టలు, ఒకే గది. ఆదివారం సాయంత్రాలు గోదావరి గట్టు మీద కూచుని పాపికొండలకి వెళ్లే లాంచీల్ని చూసేవారట. ఎక్కుతామంటే వార్డెనమ్మ ఒప్పుకునేది కాదు. ఆ తర్వాత ఉద్యోగాలు, ఊళ్లు మారడాలు. లాంచీ అలాగే ఉండిపోయింది. రూబీగారిప్పుడు చెన్నైలో ఉంటారు, భర్త పోయి రెండేళ్లయింది. గోదావరిలో లాంచీ ఎక్కనివ్వలేదు కదా, సముద్రంలో ఓడే ఎక్కుదామని ఆవిడ రాశారు. చెన్నైలో ఎక్కితే శ్రీలంకలో రెండు రేవులు చూపించి ఐదు రోజులకి తిరిగి తెచ్చే ఓడ. టీచరుగారు ఒక్కటే షరతు పెట్టారు. చుక్క వస్తేనే వస్తానన్నారు.

కుక్కెందుకండీ, పక్కన స్నేహితురాలుంటుంది కదా అని నేనన్నాను. ఆవిడ నా మాట పూర్తయ్యేదాకా చూసి, “మెలకువగా ఉన్నప్పుడు నాకు కళ్లున్నాయండి. పడుకుంటే ఏమీ లేవు. రూబీ ఏ పైడెక్కు మీదో ఉండగా ఓడలో అలారం మోగిందనుకోండి, నేను దుప్పటి కప్పుకుని పడుకునే ఉంటాను,” అన్నారు.

ఓడ కంపెనీవాళ్లు కుక్కని రానిస్తామనే అన్నారు. కానీ వాళ్లు పంపిన కాయితం చూస్తే నాకు కళ్లు తిరిగాయి. చర్మం కింద చిప్పు వేయించాలి. ఆ తర్వాత రేబిస్ టీకా. టీకా వేసిన నెల తర్వాత రక్తం తీసి పరీక్షకి పంపాలి. చెవుల డాక్టరు సర్టిఫికెట్టు, శ్రీలంకవాళ్ల అనుమతి, తిరిగి మన దేశంలోకి రావడానికి మళ్లీ మనవాళ్ల అనుమతి. ప్రయాణానికి పది రోజుల లోపల కుక్క ఆరోగ్యంగా ఉందని ఇంకో సర్టిఫికెట్టు. ఒక్క బర్రెగొడ్డుకైనా ఇన్ని అడిగి ఉంటే ఈ జిల్లాలో పాలు దొరికేవి కావు.

కుక్కకి ఓడలో నాలుగడుగుల పెట్టె ఒకటి ఇస్తారట. దాని పనులన్నీ అందులోనే కానివ్వాలి. చుక్కేమో కాలవగట్టు తప్ప ఇంకో చోటు ఎరగదు. పెట్టెలో రంపప్పొట్టు లాంటిదేదో పోస్తారని రూబీగారు కనుక్కుని చెప్పారు. మాకు పొట్టుకి కొదవేంటి? కొబ్బరిపీచు మిల్లు నుంచి రెండు బస్తాల పొట్టు తెప్పించి, పాత మంచం పట్టెలతో పెట్టె కొట్టించి ఆవిడ పెరట్లో పెట్టాం. చుక్క మూడు వారాల పాటు అందులో హాయిగా నిద్రపోయింది, లేచి గట్టుకి వెళ్లింది. చివరికి గట్టు మీది మన్ను రెండు గంపలు తెచ్చి పొట్టులో కలిపితే నాలుగో వారంలో దారికొచ్చింది. ఆ రోజు టీచరుగారు గేటు దగ్గర నిలబడి నాకు ఆ వార్త గట్టిగా, పరీక్ష ఫలితం చదివినట్టు చదివి వినిపించారు. వీధిలో వెళ్తున్నవాళ్లు ఆగి విన్నారు. నాకు సిగ్గేసింది, ఆవిడకి వెయ్యలేదు.

అసలు చిక్కు వీడియో దగ్గర వచ్చింది. కుక్క నిజంగా పని చేస్తుందో లేదో తెలియడానికి మూడు పనులు వీడియో తీసి అక్టోబరు నెలాఖరులోగా పంపమన్నారు. ఒకటి, తలుపు కొడితే చెప్పడం. రెండు, అలారం మోగితే చెప్పడం. మూడు, వెనక నుంచి యజమానిని పేరుపెట్టి పిలిస్తే చెప్పడం. ఓడలో పనిచేసేవాళ్లు ప్రయాణికుల్ని పేర్లతోనే పిలుస్తారట. మొదటి రెండూ చుక్క నిద్రలో కూడా చేస్తుంది. మూడోది కూడా చేస్తుందనే అనుకున్నాం.

సెప్టెంబరులో రూబీగారు భీమవరంలో పెళ్లికొచ్చి, ఇక్కడికి కూడా వచ్చి ఒక పూట ఉన్నారు. అప్పుడు బయటపడింది. టీచరుగారు వంటింట్లో దోసెలు పోస్తుంటే రూబీగారు హాల్లోంచి “ప్రిస్కిల్లా, చట్నీ చాలు,” అని కేకేశారు. చుక్క రూబీగారి వంక చూసి తోకాడించి, మళ్లీ తల వాల్చింది. ఇంకోసారి పిలిచినా, మరోసారి పిలిచినా లేవలేదు. ఆ పేరు తన యజమానురాలిదని దానికి తెలియదు. తెలియడానికి, అది పుట్టాక ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. ఆవిడ అందరికీ టీచరుగారు. రూబీగారు నవ్వుతూ నాతో ఈ సంగతి చెబుతుంటే టీచరుగారు ఆ పెదాల వంక చూస్తున్నారు. ఆవిడ నవ్వలేదు. ఆ సాయంత్రం రూబీగారు రైలెక్కి వెళ్లిపోయారు. రూబీగారి చేత ఫోన్లో పిలిపిద్దామంటే, ఫోన్లో గొంతుకి కదలకూడదని టీచరుగారు ముందే నేర్పి కూచున్నారాయె.

నేను తేలిగ్గా తీసుకున్నాను. ఊరి నిండా మనుషులున్నారు, పేరుపెట్టి పిలవడానికి కరువా అన్నాను. కరువేనని వారం తిరక్కుండా తెలిసింది.

మొదట పాలు పోసే గణేష్‌బాబుకి చెప్పాం. నలభై ఏళ్ల మనిషి, ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. కిటికీ బయట నిలబడి చెమటలు పట్టి, రెండుసార్లు గొంతు సవరించుకుని, “ప్రిస్కిల్లా... టీచరుగారండీ,” అన్నాడు. చుక్క ఆ చివరి మాటకి ఎగిరి గంతేసి ఆవిడ మోకాలి మీద పంజా వేసి గుడ్డు ముక్క కోసం చూసింది. పేరొక్కటే అనరా అని నేను కసిరితే, నన్ను చంపినా అనలేనండి అని పాలక్యాను తీసుకుని వెళ్లిపోయాడు. పక్కింటి వెంకటదుర్గ అసలు ఒప్పుకోనేలేదు. ప్రయాణం పెట్టుకున్న మనిషిని ఎవరైనా వెనక నుంచి పిలుస్తారా, ఏదైనా అయితే ఆ పాపం నాకెందుకు అంది. విజయ్ పాల్ అని వాళ్ల చర్చి పాస్టరుగారు, నిండా గడ్డం ఉన్న కుర్రాయన, సంతోషంగా ఒప్పుకున్నాడు. కానీ ఆయన పేరు పలికిన తీరుకి, చనిపోయినవాళ్ల జాబితా చదువుతున్నాడేమో అనిపించింది. రెండోసారి ప్రిస్కిల్లమ్మగారూ అన్నాడు.

మరి నువ్వెందుకు పిలవలేదని మీరడగచ్చు. పిలిచాను. ఆవిడ నాకన్నా నాలుగేళ్లు చిన్న, తప్పేమీ లేదు. కానీ నడివీధిలో నిలబడి, ఒంటరిగా ఉండే ఆడమనిషిని పేరుపెట్టి కేకెయ్యడానికి నా గొంతు లేవలేదు. దగ్గొకటి వచ్చింది. చుక్క నా వంక జాలిగా చూసింది.

ఆ సాయంత్రం ఆవిడ మా అరుగు మీదకి వచ్చి కూచున్నారు. చుక్క కాళ్ల దగ్గర పడుకుంది. “ఈ ఊళ్లో నన్ను పేరుపెట్టి పిలవగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారండి. మా అక్కయ్య,” అన్నారు. అక్కయ్యగారున్నారన్న సంగతి ఏడేళ్లలో అదే మొదటిసారి వినడం.

ప్రసన్నకుమారిగారు ఆవిడకన్నా ఏడేళ్లు పెద్ద. చర్చి వెనక వీధిలో కొడుకు ఇంట్లో ఉంటారు. మా ఇంటికి నాలుగు నిమిషాల నడక. వాళ్లమ్మగారు చివరి రోజుల్లో పెద్ద కూతురి దగ్గరే ఉండేవారు. తొమ్మిదేళ్ల కిందట ఒక శనివారం మధ్యాహ్నం అమ్మగారికి ఊపిరి అందలేదు. అక్కయ్యగారు ఫోన్ చేశారు. ఎవరూ ఎత్తలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకుంటూ వచ్చారు. ఒంటరి ఇల్లు కాబట్టి గేటుకి లోపల తాళం. కిటికీలోంచి చెల్లెలి వీపు కనపడుతోంది. వెలుగు కోసం కిటికీకి వీపు పెట్టి పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. కరెంటు స్తంభం దగ్గర నిలబడి అక్కయ్యగారు పిలిచారు. పిలిచారు, మళ్లీ పిలిచారు. చెల్లెలు ఒక పేపరు పక్కన పెట్టి ఇంకో పేపరు తీసుకుంది. తిరిగి వెళ్లేసరికి అమ్మగారు పోయారు.

అప్పటికి టీచరుగారికి చెవులు పూర్తిగా పోయి ఏడాది దాటింది. ఎవరికీ చెప్పలేదు. క్లాసులో పిల్లలకి తెలుసు, ఆవిడ బోర్డు వైపు తిరిగితే చాలు మాటలు మొదలెట్టేవారు, కానీ వాళ్లెవరూ పెద్దవాళ్లకి చెప్పలేదు. హెడ్మాస్టరుకి తెలిస్తే ఉద్యోగం మానుకోమంటాడని ఆవిడ భయం. సమాధుల తోటలో అందరి ముందూ అక్కయ్యగారు ఆవిడ ముఖంలోకి చూసి, పిలిస్తే పలకనిదానివి ఇప్పుడెందుకొచ్చావని అడిగారు. ఆ మాట ఆవిడకి పెదాల మీద స్పష్టంగా తెలిసింది. వినపడలేదని ఒక్క ముక్క అంటే సరిపోయేది. హెడ్మాస్టరు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆవిడ నోరు విప్పలేదు.

తర్వాత రెండేళ్లకి చెవుడు సంగతి ఊరందరికీ తెలిసింది. ఉద్యోగం పోలేదు కూడా. స్కూలువాళ్లు ఏమీ అనకుండా పై క్లాసులు తగ్గించి ఇచ్చారంతే. అక్కయ్యగారికి ఎవరో చెబితే, నాకు చెప్పకూడదా, నేను పరాయిదాన్నా అన్నారట. అంతే. ప్రతి ఆదివారం ఇద్దరూ ఒకే చర్చిలో ఆడవాళ్ల వైపు కూచుంటారు. అక్కయ్యగారు ముందు వరసలో, టీచరుగారు చివరి వరసలో. “తొమ్మిదేళ్లుగా అక్కయ్య జుట్టు ముడే చూస్తున్నానండి. ముఖం చూడలేదు,” అన్నారు. మా ఆవిడ బతికుంటే ఇలాంటప్పుడు ఏదో ఒకటి అనేది.

మర్నాడు కొడుకూ కోడలూ ఆఫీసులకి వెళ్లిన వేళ చూసి ఇద్దరం వెళ్లాం. నన్నెందుకు రమ్మన్నారో అక్కడికెళ్లాక అర్థమైంది. ప్రసన్నకుమారిగారు చేటలో పెసరపప్పు పోసుకుని ఏరుతున్నారు. మమ్మల్ని చూసి కూచోమన్నారు, కానీ ముఖం గోడవైపు తిప్పేసుకున్నారు. మాట్లాడినంతసేపూ గోడకే మాట్లాడారు. పెదాలు కనపడకపోతే టీచరుగారికి ఒక్క ముక్క తెలియదు. ఆ సంగతి అక్కయ్యగారికీ తెలుసు. నేను మధ్యలో నిలబడి ఆ మాటల్ని ఈవిడకి అందించాలి.

వచ్చిన పని నేనే చెప్పాను. ఓడ, వీడియో, చుక్క, అన్నీ. ఆవిడ చేట మీంచి చూపు ఎత్తకుండా, “డాక్టరుగారూ, ఆ రోజు పిలిచిన పిలుపులు ఇంకా నా గొంతులోనే ఉన్నాయండి. కొత్తగా పిలిచే ఓపిక నాకు లేదని చెప్పండి దానికి,” అన్నారు.

నేను టీచరుగారి వైపు తిరిగి, మీ అక్కగారికి ఒంట్లో నలతగా ఉందట అన్నాను. ఆవిడ నా పెదాలు చూసి తల అడ్డంగా ఊపారు. “అన్నది అన్నట్టు చెప్పండి,” అన్నారు. చెప్పాను. చెప్పడం నాకు కష్టమైంది.

అప్పుడావిడ అక్కయ్యగారి వీపుతో మాట్లాడారు. “అక్కా, ఆ రోజు నాకు వినపడలేదు. అమ్మని పూడ్చిపెట్టినప్పుడే ఆ మాట చెప్పాలి. హెడ్మాస్టరు పక్కనున్నాడని చెప్పలేదు. ఉద్యోగం చూసుకున్నాను, నిన్ను చూసుకోలేదు.”

పప్పు ఏరే చెయ్యి ఆగింది. తర్వాత మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. దారిలో టీచరుగారు, మనం లేచాక అక్కయ్యేమైనా అందాండి అని అడిగారు. లేదండి అన్నాను. అది నిజమే.

మూడో రోజు పొద్దున్న ఏడు గంటలకి నేను అరుగు మీద పేపరు చదువుకుంటున్నాను. ప్రసన్నకుమారిగారు నడుచుకుంటూ వచ్చి కరెంటు స్తంభం దగ్గర ఆగారు. నా వంక చూడలేదు. కిటికీ వంక చూసి “ప్రిస్కిల్లా,” అని పిలిచారు. సన్నటి మనిషి, ఇంత గొంతెక్కడిదో. మూడుసార్లు పిలిచి, కాసేపు ఆగి, కొంగు భుజం మీదికి లాక్కుని వెళ్లిపోయారు. నేను పేపరు పడేసి ఎదురింటికి పరిగెత్తాను. మీ అక్కయ్య వచ్చి వెళ్లారండి అంటే, ఆవిడ కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూచుండిపోయారు.

ఆ మర్నాటి నుంచి పాఠం మొదలైంది. ఏడింటికల్లా టీచరుగారు కిటికీకి వీపు పెట్టి కూచునేవారు. నేను ఆవిడకి ఎదురుగా కూచునేవాణ్ణి. బయట పిలుపు వినపడగానే వేలెత్తాలి. నా వేలు చూసి ఆవిడ చుక్కని దగ్గరకి పిలిచి, పంజా మోకాలి మీద పెట్టించుకుని గుడ్డు ముక్క పెట్టి, వెనక్కి తిరిగి కిటికీలోంచి చూసేవారు. తిరిగిన ముఖం కనపడగానే అక్కయ్యగారు వెళ్లిపోయేవారు. నవ్వు లేదు, పలకరింపు లేదు, చెయ్యి ఊపడం లేదు. పొద్దున్నే నడిచొచ్చేది ఆ ఒక్క తిరగడం చూడ్డానికే అన్నట్టుండేది. వానొచ్చిన రోజు గొడుగేసుకుని వచ్చారు. తొమ్మిదో రోజు నేను వేలెత్తబోయేసరికి చుక్క పంజా అప్పటికే ఆవిడ మోకాలి మీద ఉంది. టీచరుగారు నా వేలి వంక, దాని పంజా వంక మార్చి మార్చి చూశారు. ఆవిడ కళ్లలో నీళ్లు అప్పుడే చూశాను.

నా పని అయిపోయింది. మర్నాడే వీడియో తీసి పంపాం. అక్కయ్యగారు మాత్రం రోజూ వస్తూనే ఉన్నారు. చుక్కకి పాఠం వచ్చేసిందని ఆవిడకెవరూ చెప్పలేదు.

రెండు వారాలకి కంపెనీ నుంచి మెయిలొచ్చింది. కుక్కకి అనుమతి ఇచ్చామని, ఇక చివరి ఆరోగ్య సర్టిఫికెట్టు చాలని. కుక్క డాక్టరునని నాకూ ఒక కాపీ పంపారు కాబట్టి తెలిసింది, లేకపోతే నాకూ తెలిసేది కాదు. నేను తెరిచి చూసేసరికే అది మా ఇద్దరికీ వచ్చి నాలుగు రోజులయింది. వీధి దాటి వెళ్లి అడిగాను. “అక్కయ్యకి చెప్పలేదండి. చెబితే రేపట్నుంచి రాదు,” అన్నారు.

నాకు ఒళ్లు మండింది. అప్పుడు చెవుడు దాచి అక్కని పోగొట్టుకున్నారు, ఇప్పుడు అనుమతి దాస్తున్నారు, దాచడం మీకు అచ్చొచ్చిందా అని కేకలేశాను. ఆవిడ కొంతసేపు నా పెదాల వంక చూసి కళ్లు మూసుకున్నారు. ఆవిడతో పోట్లాటలో ఉన్న ఇబ్బంది అది. కళ్లు మూసుకుంటే మనం ఎంత అరిచినా అయిపోయినట్టే.

నా నోరు ఊరుకుంటే బాగుండేది. మర్నాడు మందుల షాపులో పాస్టరు విజయ్ పాల్ గారు కనపడి చుక్క ఎలా ఉందని అడిగాడు. ఓడ ఖాయమైందండీ అనేశాను. ఆదివారం ఆరాధనలో ప్రకటనలు చదువుతూ, మన ప్రిస్కిల్లమ్మగారి ప్రయాణం కోసం ప్రార్థన చేద్దామని ఆయన అందరికీ చెప్పాడు. ఆ గడ్డంలో పెదాలు టీచరుగారికి అందలేదు. ఏం జరిగిందో ఆవిడకి ఇంకో రకంగా తెలిసింది. ఆడవాళ్ల వైపు తలలన్నీ వెనక్కి తిరిగి ఆవిణ్ణి చూసి నవ్వాయి. ముందు వరసలో ఒక్క ముడి మాత్రం తిరగలేదు.

చర్చి నుంచి వస్తూ టీచరుగారు మా గేటు దగ్గర ఆగారు. మీరేనాండి అని అడిగారు. నేనేనండి అన్నాను. తిట్టినా బాగుండేది. వీధి దాటి ఇంట్లోకెళ్లి తలుపేసుకున్నారు.

సోమవారం పొద్దున్న నేను అరుగు మీదే ఉన్నాను, పేపరు తెరవలేదు. టీచరుగారు ఎప్పట్లాగే ఏడింటికి కిటికీకి వీపు పెట్టి కూచున్నారు. చుక్క ఆవిడ పాదాల మీద తల పెట్టుకుంది. ఏడు దాటింది. ఏడుంబావు దాటింది. గణేష్‌బాబు పాలు పోసి వెళ్లాడు. ఏడున్నరైంది. స్తంభం దగ్గర ఎవరూ లేరు. ఆవిడ వీపు కదల్లేదు. నన్ను పెద్దిరాజూ అని పిలిచేవాళ్లు మా అమ్మతోనే పోయారు. ఆ లోటు ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెలిసుండీ, ఇంకొకరికి ఈ ఊళ్లో మిగిలిన ఒక్క పిలుపునీ పోగొట్టానని నన్ను నేను తిట్టుకున్నాను.

ఎనిమిదికి పది నిమిషాలుందనగా ప్రసన్నకుమారిగారు వీధి మలుపు తిరిగారు. చేతిలో గుడ్డసంచి, అందులోంచి ముదురు నీలం శాలువా అంచు బయటికి వేలాడుతోంది. అది వాళ్లమ్మగారిదట. సముద్రం మీద గాలికి ఉంటుందని ట్రంకుపెట్టె అడుగు నుంచి తీస్తుంటే ఆలస్యమైందని తర్వాత తెలిసింది. ఆవిడ స్తంభం దగ్గర ఆగలేదు. తొమ్మిదేళ్లుగా ముట్టుకోని గేటు గడియ తీసి లోపలికెళ్లి, కిటికీ ఊచల దగ్గర నిలబడ్డారు. పిలిచారు. నా దాకా వినపడలేదు, అంత నెమ్మదిగా పిలిచారు. చుక్క లేచి మోకాలి మీద పంజా పెట్టింది.

టీచరుగారు తిరగలేదు.

కిటికీ లోపల జరిగిందీ, ఆ క్షణంలో తన మనసులో ఉన్నదీ ఆవిడ మొన్న చెప్పారు. “ఇంకొక్కసారి పిలవనీ అనుకున్నానండి. రేపట్నుంచి ఉండదు కదా అని. మళ్లీ చుక్క పంజా వేసింది. అప్పుడు ఆ రోజు అక్కయ్య ఎన్నిసార్లు పిలిచి ఉంటుందో గుర్తొచ్చి సిగ్గేసిందండి.”

ఆవిడ తిరిగారు. ఇద్దరి మధ్యా ఊచలు తప్ప ఏమీ లేవు. ప్రసన్నకుమారిగారు ముఖం తిప్పుకోలేదు. చెల్లెలు చూస్తూనే ఉంది, ఇక పిలవనక్కర్లేదు. అయినా చెల్లెలి కళ్లకి అందేలా పెదాలు నిదానంగా కదుపుతూ, ఇంకోసారి “ప్రిస్కిల్లా,” అన్నారు. ఈసారి చుక్క చెప్పక్కర్లేకపోయింది.